టట్టిల్ వంతెన నుదుటి చెక్క

మా ఊరు నార్త్ హాలోవేలో వెండెల్ థేయర్‌ని పట్టుకుని "ఎలా ఉన్నావు?" అని అడిగితే ఆయన తన మోకాళ్ల గురించి చెప్పడు, వంతెనల గురించి చెబుతాడు. "పోయిన వారం పెన్సిల్వేనియా వెళ్లొచ్చాం, మూడు దొరికాయి" అంటాడు, చేపలకు వెళ్లొచ్చిన మనిషిలాగా. ఆయనకు కావాల్సినవి చెక్క వంతెనలు, అందులోనూ నెత్తిన కప్పు, పక్కల గోడలు ఉన్న పాతవి. వాటిని వెతుక్కుంటూ వెళ్లి ఫొటోలు తియ్యడం ఆయన సరదా. సరదా అని ఆయన ముందు అనకూడదు గానీ, నాకు వేరే మాట తెలియదు. నేను చెప్పబోయే మార్చి నెల నాటికి ఆయనకు డెబ్భై ఒక్క ఏళ్లు, తీసిన వంతెనలు ఆరువందల పదకొండు.

ఈ పిచ్చి పట్టడానికి కారణం పాలు. వెండెల్ ముప్పై ఆరేళ్లు పాల ట్యాంకరు నడిపాడు. కొండల్లో ఉన్న డెయిరీలన్నీ తిరిగి పాలు ఎత్తుకొచ్చి ఫ్యాక్టరీకి చేర్చడం ఉద్యోగం. మా ఏటి మీద టట్టిల్ వంతెన ఉంది, 1883లో కట్టింది. దాని నోటి ఎత్తు తొమ్మిది అడుగుల ఆరంగుళాలు. ట్యాంకరు ఎత్తు పదకొండు అడుగుల పైమాటే. వంతెన దాటితే రెండు నిమిషాల్లో అవతల ఉండాల్సిన మనిషి రోజూ ఆరు మైళ్లు చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఏటి ఒడ్డునే రోడ్డు, మలుపు తిరిగినప్పుడల్లా వంతెన కనిపిస్తూనే ఉంటుంది. అందని ద్రాక్ష పుల్లన అంటారు గానీ, ఈయనకు అందనికొద్దీ తీపెక్కింది. ఒక సెలవురోజు సొంత కారులో దాంట్లోంచి వెళ్లాడు. లోపల చల్లటి చీకటి, ఎండుగడ్డి వాసన, పలకల సందుల్లోంచి చారలు చారలుగా ఎండ, కాళ్ల కింద నీళ్ల చప్పుడు. అవతలకి వెళ్లి, కారు తిప్పి, మళ్లీ ఇవతలకి వచ్చాడు. అలా పదకొండు సార్లు చేశాడని చెబుతారు. ఆ వారంలోనే ఎవరో వాడేసిన కెమెరా ఒకటి కొన్నాడు.

ఆయన భార్య మాక్సిన్ బడిలో వంటమనిషిగా చేసి రిటైరైంది. దాదాపు ప్రయాణాలన్నిటికీ ఆవిడే తోడు. ఆయన ఏట్లో రాళ్ల మీద నిలబడి వెలుగు కోసం కాచుకుంటుంటే ఆవిడ కారులో కూర్చుని మేజోళ్లు అల్లుకుంటుంది. దారిలో తగిలిన ప్రతి హోటల్లో ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చే పై తిని, దాని బాగోగులు ఒక చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. "ఒహాయోలో వంతెనలు చూడు, పై మాత్రం ముట్టుకోకు" అని అందరికీ చెబుతుంది. ఇద్దరికీ ఎవరి పుస్తకం వాళ్లకుంది, ఒకరి పుస్తకంలో ఒకరు వేలు పెట్టరు. ఇంతకంటే సుఖమైన కాపురం మా ఊళ్లో నేను చూడలేదు.

వెండెల్‌కి పట్టింపులు ఎక్కువ. ప్రతి వంతెనకూ ఎదురుగా ఒక ఫొటో, పక్క నుంచి ఒక ఫొటో ఉండి తీరాలి. బరువంతా ఇనుప దూలాల మీద మోపి, పైన అందం కోసం చెక్క కప్పు తగిలించిన వంతెనలు కొన్ని ఉంటాయి. వాటిని "వేషగాళ్లు" అంటాడు. వాటి ముందు కారు కూడా ఆపడు. ఏటా చలికాలంలో ఒక ఆదివారం ఊరి హాల్లో తెర కట్టి స్లయిడ్లు చూపిస్తాడు. ఊరంతా వస్తుంది, సగం ఊరు నిద్రపోతుంది, అయినా మానేసేవాళ్లు ఉండరు. వెచ్చటి హాలు, మాక్సిన్ చేసిన బిస్కెట్లు, వెండెల్ గొంతు, ఇవన్నీ కలిస్తే జోలపాటకు తక్కువేం కాదు.

అన్నిటికంటే పెద్ద పట్టింపు టట్టిల్ వంతెన మీద. ఎత్తు చూసుకోకుండా లారీలు తెచ్చి దాన్ని గుద్దేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. గుద్దిన ప్రతి బండినీ ఫొటో తీసి వేరే ఆల్బంలో అంటించేవాడు. రెండేళ్ల కిందట బ్రెడ్డు వ్యాను నడిపే రాడ్నీ వంతెన నోటికి తన వ్యాను తగిలించాడు. తగిలింది మహా అయితే నాలుగు వేళ్లంత. వెండెల్ వదల్లేదు. ఆ ఫొటోను, తెల్లమొహం వేసుకుని నిలబడ్డ రాడ్నీతో సహా, వంతెనల సంఘం పత్రికకు పంపాడు. "అంకెలు రాని డ్రైవరు" అని కింద ఒక ముక్క కూడా రాశాడు.

ఆ మీదట ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. మా దగ్గర ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరి సభ జరుగుతుంది. ఊళ్లో ఓటున్న అందరూ ఒకచోట కూర్చుని రోడ్ల దగ్గర్నుంచి కుక్కల దాకా అన్నీ చేతులెత్తి తేల్చుకుంటారు. వంతెనను గుద్దినవాళ్ల పేర్లు, ఏడాదితో సహా, వంతెన దగ్గరే ఒక బోర్డు మీద రాయించాలని వెండెల్ ఆ సభకు ఒక అంశం తయారు చేశాడు. ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పట్టాడు. కాదన్నవాళ్లు లేరు. సంతకం పెట్టేముందు ఒకరు కళ్లజోడు తుడుచుకున్నారు, ఒకరు పొయ్యి మీద ఏదో మాడుతోందని లోపలికి పరిగెత్తి వచ్చారు. ఆయన అదేం గమనించలేదు. "ఊరంతా నా వెనకే ఉంది" అని మాక్సిన్‌తో గర్వంగా చెప్పాడు. ఆవిడ మేజోడు లెక్క తప్పి నాలుగు కుట్లు విప్పుకుంది.

సభకు మూడు రోజుల ముందు, శనివారం పొద్దున, ఆకాశం నీలంగా మెరిసిపోతోంది. కొత్త మంచు పడి ఎండ కాసిన రోజు వంతెన ఫొటోకి ఊరికే దొరికే రోజు కాదు, దొరికితే వదిలే రోజూ కాదు. చిక్కల్లా ఏమిటంటే, రోడ్డు మీది మంచును ఊరి మంచు లారీ తోసి తోసి వంతెన నోటికి రెండు పక్కలా మనిషిని మించిన గుట్టలు పెట్టేసింది. నేల మీద నిలబడితే వంతెన నుదురు మాత్రమే కనిపిస్తుంది. అందుకని వెండెల్ ముందురోజే తన పికప్ బండి వెనకాల కర్రలతో ఒక మంచె కట్టుకున్నాడు. పక్షుల్ని తోలే మంచె లాంటిదే, చుట్టూ చిన్న కంచె, ఎక్కడానికి నిచ్చెన. కొట్టంలో టేపు పెట్టి కొలిచాడు. నేల నుంచి కంచె పైకి తొమ్మిది అడుగుల రెండంగుళాలు. వంతెన నోటికి ఇంకా నాలుగంగుళాలు మిగులుతుంది. భేష్ అనుకున్నాడు.

మంచె ఎక్కి ఎదురు ఫొటో తీశాడు. ముప్పై ఏళ్లలో అంత మంచి ఫొటో రాలేదనిపించింది. కడుపు నిండినట్టయింది. అదే ఊపులో వంతెన దాటి రెండో నోరు కూడా తీసేద్దామని కిందికి దిగి బండి ఎక్కాడు. కొత్తవాళ్లయితే ఎత్తు రాసిన పలక చూసి, జంకి, దిగి, కొలుచుకునేవాళ్లు. వెండెల్‌కి ఆ అంకె కంఠతా వచ్చు. అందుకే చూడలేదు.

కానీ తొమ్మిది అడుగుల ఆరంగుళాలు అనేది జూలై నెల లెక్క. చలికాలమంతా బండ్లు తొక్కి తొక్కి వంతెన నోటి ముందు మంచు రాయిలా గడ్డకడుతుంది, మార్చి వచ్చేసరికి ఏడెనిమిది అంగుళాల మెట్టు లేస్తుంది. లోపల కప్పు ఉంది కాబట్టి నేల ఎక్కడిదక్కడే ఉంటుంది. మా ఊళ్లో పుట్టిన ప్రతివాళ్లకూ ఈ సంగతి తెలుసు. వెండెల్ ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు. బండి మెల్లగా ఆ మెట్టెక్కింది. పైన ఫెళ్లుమంది.

ఆయన దిగి చూశాడు. మంచె కంచె విరిగి వేలాడుతోంది. వంతెన నోటికి పైన అడ్డంగా ఉండే నుదుటి చెక్క మధ్యలో చీలి, చేతి పొడుగు ముక్క ఒకటి మంచులో పడి ఉంది. అటు చూశాడు, ఇటు చూశాడు. రోడ్డు మీద పురుగు లేదు. ఆయన జీవితంలో దొంగతనం చేసి ఎరగడు. ఆ రోజు మాత్రం ఆ ముక్క తీసి బండిలో వేసుకుని, మంచె మీద టార్పాలిన్ కప్పి, గుట్టుగా ఇంటికి వచ్చేశాడు. కొట్టంలో బంగాళాదుంపల గోనెల కింద ముక్కను దాచాడు. మంచె విప్పేశాడు.

"అప్పుడే వచ్చావేం? మంచె ఏది?" అంది మాక్సిన్.

"గట్టిగా లేదు. పీకేశాను."

"ఊఁ" అని ఆవిడ చిక్కుళ్లు నానబెట్టుకుంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నం జెరార్డ్ బూషే వచ్చి తలుపు తట్టాడు. జెరార్డ్ మా ఊరి రోడ్ల మేస్త్రీ, అంతకుముందు వాళ్ల నాన్న లూసియన్ అదే పని చేశాడు. "వెండెల్, కెమెరా తీసుకుని రా. మళ్లీ ఎవడో గుద్దాడు. నీ ఆల్బంలోకి ఇంకొకటి."

వెండెల్‌కి ఏదో వంక చెప్పాలనిపించింది. అయినా వెళ్లాడు. తను చేసిన గాయానికి తనే ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటోలు తీశాడు. అప్పటికే అక్కడ నలుగురు చేరారు.

"శనివారం కదా, ఆ బ్రెడ్డువాడే అయ్యుంటాడు" అన్నారెవరో.

"ముక్క కూడా ఎత్తుకుపోయాడు చూడు, ఎంత తెలివో!" అన్నాడు జెరార్డ్. "బుధవారం బేకరీకి ఫోన్ చేస్తామంటున్నారు ఊరి పెద్దలు. రెండోసారి కదా, ఈ దారిలో బ్రెడ్డు వేసే పని అతని చేతిలోంచి తీసేస్తారేమో. ఏమంటావు వెండెల్?"

వెండెల్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఆదివారం చర్చిలో అదే మాట. సోమవారం కొట్టు దగ్గరా అదే మాట. "నీ అంశం సరైన టైముకి వచ్చింది, మొదటి పేరు రాడ్నీదే" అని భుజం తట్టి మరీ చెప్పారు. తట్టిన ప్రతిసారీ ఆయనకు భుజం మండినట్టయింది. చెప్పేస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ఆయన మాటకున్న విలువ అంతా ఆ వంతెన మీద కట్టుకున్నదే. పాల ట్యాంకరు నడిపిన సంగతి జనం మర్చిపోయారు. వంతెన వెండెల్ అంటే ఈ జిల్లాలో తెలియనివాళ్లు లేరు. తన నోటితో తనే ఆ పేరు చెరుపుకోవాలి. చెప్పకపోతే పెళ్లాం బిడ్డలున్న రాడ్నీ మీద పడుతుంది. అంకెలు రాని డ్రైవరు అన్న ముక్క గుర్తొచ్చి, సోమవారం భోజనం దగ్గర ఆయనకు ముద్ద దిగలేదు.

"రేపు మాట్లాడేది రాసుకున్నావా?" అంది మాక్సిన్.

"రెండు పేజీలు రాసుకున్నాను."

"బాగా వచ్చిందా?"

"చేతిరాత బాగుంది" అన్నాడు.

మంగళవారం హాలు కిటకిటలాడింది. బూట్ల మంచు కరిగి నేలంతా బురద. వంటింట్లో మధ్యాహ్నం భోజనానికి చిక్కుళ్లు ఉడుకుతున్నాయి. అధ్యక్షపీఠం మీద బియాట్రిస్ హాలిస్ కూర్చుంది. ఊళ్లో సగం మందికి ఎక్కాలు నేర్పిన మాజీ టీచరు, ఆవిడ చేతిలో బల్ల మీద కొట్టే సుత్తి ఉంటే పసిపిల్లలు కూడా ఏడవరు. పదమూడు అంశాలు అయ్యాయి. బడి బస్సు గురించి గంటసేపు వాదించుకున్నారు.

"పధ్నాలుగో అంశం" అని చదివింది బియాట్రిస్. "టట్టిల్ వంతెనను గుద్దినవారి పేర్లు బోర్డు మీద రాయించుటకు ఊరు ఒప్పుకొనునా? వెండెల్, మాట్లాడు."

వెండెల్ లేచాడు. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో గోనెసంచి.

"అధ్యక్షా, ఎందుకు ఒప్పుకోవాలో రెండు పేజీలు రాసుకొచ్చాను. అవి చదవను." కాగితాలు జేబులో కుక్కుకున్నాడు. సంచిలోంచి విరిగిన చెక్క ముక్క తీసి ముందున్న బల్ల మీద పెట్టాడు. "శనివారం వంతెనను గుద్దింది నేను."

హాల్లో చిక్కుళ్ల కుండ మూత చప్పుడు వినిపించింది.

"నువ్వా?" అన్నాడు జెరార్డ్.

"నేనే."

"దేంతో?"

"మంచెతో. ఫొటో కోసం బండి మీద కట్టుకున్నాను."

"కొలుచుకోలేదా?"

"కొలిచాను. నోటి ముందు మంచు సంగతి మర్చిపోయాను."

ఎక్కడో వెనక నుంచి ఒక ముసలి రైతు కిసుక్కుమన్నాడు. "ముప్పై ఆరేళ్లు ట్యాంకరుతో గుద్దనివాడు మంచెతో గుద్దాడు!" హాలంతా గొల్లుమంది. బియాట్రిస్ సుత్తి కొట్టింది.

వెండెల్ నవ్వలేదు. "నవ్వండి, నాకు తగిన శాస్తే. కానీ మూడు రోజులు నోరు మూసుకుని రాడ్నీ మీద పడనిచ్చాను. అది నవ్వే సంగతి కాదు. బోర్డు పెట్టండి. మొదటి పేరు నాదే రాయండి."

సరిగ్గా ఆ వేళకు రాడ్నీ భోజనానికి బన్నుల ట్రేలు తెచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అంతా అతని వైపు తిరిగారు. అతను ఈ ఊరివాడు కాదు, సభ అనుమతి లేకుండా మాట్లాడకూడదు. తేనెటీగలు ముసిరినా బియాట్రిస్ నియమం తప్పదు. రాడ్నీని మాట్లాడనిద్దామా అని ఓటు పెట్టింది. అందరూ ఔనన్నారు.

"శనివారం నా బండి రిపేరులో ఉంది. అసలు ఈ ఊరే రాలేదు" అన్నాడు రాడ్నీ. "ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరూ అడగలేదు."

ఆ మాటకు చాలామంది తలలు దించుకున్నారు. వెండెల్ అతని దగ్గరికి నడిచి వెళ్లాడు. "బాబూ, నీ ఫొటో పత్రికలో వేయించాను. అంకెలు రావన్నాను. నీ మొహం చూడ్డానికి నాకు మొహం లేదు."

రాడ్నీ ట్రే దించి ఆయన వైపు చూశాడు. "మా అమ్మ ఆ ఫొటో ఫ్రేము కట్టించుకుంది సార్. నేను పేపర్లో పడ్డది అదొక్కసారే. మీ ఫొటో కూడా వేయించుకోండి, లెక్క సరిపోతుంది."

ఈసారి వెండెల్ కూడా నవ్వాడు. గొడవ అంతటితో అయిపోవాల్సింది. కానీ బియాట్రిస్ సుత్తిని ఊరి గుమాస్తా చేతిలో పెట్టింది. "పీఠం మీదున్నవాళ్లు చర్చలో కలగజేసుకోకూడదు. ఒక్క నిమిషం దీన్ని పట్టుకో" అని మెట్లు దిగి మామూలు జనంలోకి వచ్చి నిలబడింది.

"1979. చర్చి పియానోని గడ్డి లారీలో తీసుకెళ్తున్నాం. నేను పక్కన కూర్చుని 'లోపల పడుతుంది, పోనివ్వు' అన్నాను. పట్టలేదు. అదీ సంగతి" అని చెప్పి తిరిగి మెట్లెక్కి సుత్తి తీసుకుంది.

ఇక తూము తెరిచినట్టయింది. ఒకరు గడ్డిబండితో, ఒకరు పడవ ట్రెయిలరుతో. ఒకాయన పెళ్లైన రోజునే, పెళ్లి గుర్తుగా వెనక ఖాళీ డబ్బాలు కట్టిన కారు మీద పరుపు వేసుకుని. జెరార్డ్ టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ, "రెండుసార్లు. రెండోసారి ఊరి మంచు లారీతోనే" అన్నాడు. ఇది చెబుతున్న మనిషి లేచిందా లేదా అని అడక్కండి. లేచాను.

అందరూ అయ్యాక వెనక వరుసలో మాక్సిన్ లేచింది. చేతిలో అల్లిక పక్కన పెట్టలేదు.

"1987 అక్టోబరు. నువ్వు వంతెనల కోసం ఒక్కడివే న్యూబ్రన్స్‌విక్ వెళ్లావు. నేను మా అన్నయ్య గుర్రాల ట్రెయిలరు అడిగి తెచ్చుకున్నాను."

"మాక్సిన్!" అన్నాడు వెండెల్.

"గుర్రానికి ఏమీ కాలేదు" అని కూర్చుంది.

బోర్డు పెడితే వంతెనకంటే పొడుగు కావాలని ఎవరో అన్నారు. ఈ అంశాన్ని పక్కన పెట్టేద్దామని ఇంకెవరో ప్రతిపాదించారు. ఔనన్నవాళ్ల గొంతులకు కిటికీలు అదిరాయి. కాదన్నది ఒకే ఒక్కడు, వెండెల్. ఆయన ఒక్క ఓటునూ గుమాస్తా జాగ్రత్తగా రాసుకుంది. తరువాత అందరూ చిక్కుళ్లు తిన్నారు. రాడ్నీని కూడా కూర్చోబెట్టి తినిపించారు. వెండెల్ మూడు రోజుల ఆకలి తీర్చుకున్నాడు.

ఆ తరువాతి శనివారం వెండెల్, జెరార్డ్ వంతెన దగ్గరికి వెళ్లారు. కొత్త చెక్క వెండెల్ తనే మిల్లుకు వెళ్లి కోయించి తెచ్చాడు, వెన్నలా తెల్లగా ఉంది. నిచ్చెనలు వేసి పాతదాన్ని ఊడదీశారు, కొత్తదాన్ని బిగించారు. పని అయ్యాక జెరార్డ్ తన బండిలోంచి ఒక గాజు జాడీ, కుంచె తీసుకొచ్చాడు. జాడీలో బురదరంగు నీళ్లు. మూత తీస్తే ఘాటుగా వాసన కొట్టింది.

"వెనిగరా?" అన్నాడు వెండెల్.

"వెనిగరే. ఇనప పీచు వేసి వారం నానబెడతాం. కొత్త చెక్క మీద పూస్తే పూటకల్లా వందేళ్లదానిలా బూడిదరంగు తిరుగుతుంది." అలవాటుగా చెప్పుకుపోతున్న జెరార్డ్ హఠాత్తుగా ఆగిపోయాడు. నాలుక కరుచుకున్నాడు.

"ఎప్పట్నుంచి పూస్తున్నారు?"

"మా నాన్న ఉన్నప్పట్నుంచి."

"ఎందుకు?"

జెరార్డ్ కుంచెను అటూ ఇటూ తిప్పాడు. "నీకు తెలిస్తే బాధపడతావని. గుర్రాల ట్రెయిలరు అప్పుడు మాక్సిన్ మా ఇంటికి ఏడుస్తూ వచ్చిందట. 'ఆదివారం ఆయన వచ్చేస్తాడు, చూస్తే అన్నం తినడు, ఏదో ఒకటి చెయ్యి లూసియన్' అని. నాన్న రాత్రికి రాత్రి చెక్క మార్చి ఇది పూశాడు. నువ్వు కనిపెట్టలేదు. ఇక అప్పట్నుంచి ఎవరు తగిలించుకున్నా గుట్టుగా మా దగ్గరికి వచ్చేవాళ్లు. వెండెల్‌కి తెలియనివ్వొద్దు అనే మాట ఒక్కటే అందరిదీ. నీ ఆల్బంలో పడ్డవాళ్లు మా దగ్గరికి రాని బయటివాళ్లు, నువ్వు అక్కడే ఉండగా దొరికిపోయినవాళ్లు, అంతే."

వెండెల్ తల ఎత్తి వంతెన ముఖం వంక చూశాడు. ఒక్కొక్క పలకనే చూస్తూ వచ్చాడు.

"స్లయిడ్లలో చూపిస్తానే, ఎడమ పక్క, చిత్రిక గీతలు కనిపించే పలక? 1883 నాటి పనితనం అని?"

"అది నాన్నది. 1994. చిత్రిక మొద్దుబారిపోయి గీతలు పడ్డాయి." జెరార్డ్ మొహం ఎర్రబడింది. "నువ్వు అది చూపించినప్పుడల్లా హాల్లో దగ్గుతారు, గమనించావా?"

"చలికాలం కదా అనుకున్నాను."

"ఈ ముఖం మీద అసలువి మూడో నాలుగో ఉంటాయి. లోపలి దూలాలు మాత్రం నిజంగా పాతవే, నా మీద ఒట్టు."

వెండెల్ పికప్ వెనక తలుపు దించి దాని మీద కూర్చున్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఈ జనం నుంచి వంతెనను తను కాపాడుతున్నాననుకున్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి. చలిగాలికి అని జెరార్డ్ అనుకోవాలని ముక్కు తుడుచుకున్నాడు. అవమానం వస్తుందేమో అని లోపల వెతుక్కున్నాడు, రాలేదు. ఏదో చాలా వెచ్చగా ఉంది, అంతే.

"అందరూ కలిసి నాకు ముప్పై ఏళ్లు వేషగాణ్ణి చూపించార్రా" అన్నాడు చివరికి, నవ్వుతూనే.

జెరార్డ్ ధైర్యం తెచ్చుకుని కుంచెను జాడీలో ముంచాడు. "మరి పుయ్యమంటావా?"

"ఇది పూసేది నా దగ్గర దాచడానికే కదా? గుద్దింది నేనే. ఇంకెవరి దగ్గర దాస్తావు?"

జెరార్డ్ కుంచె బయటికి తీసి జాడీకి మూత బిగించాడు. పాతబడ్డ పలకల మధ్య ఆ తెల్ల చెక్క ఏటి అవతలి నుంచి కూడా కనిపిస్తోంది. వెండెల్ కెమెరా తీసి ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి తీసుకున్నాడు.